యక్షిణి ఇల్లు చేరిందా?

ఈ రోజు డ్యూటీ దిగి యలహంక బస్సులో, మూడేళ్లుగా చదువుతున్న యక్షిణుల నవలల్లో ఆఖరి భాగం పూర్తి చేశాను. నాకు తెలియకుండానే కళ్లు తుడుచుకుంటుంటే పక్క సీట్లో పూలబుట్టతో కూర్చున్న అక్క కంగారుపడింది.

“ఏమాయె తల్లీ, ఎవరికన్నా బాగలేదా?”

“అందరూ బాగున్నారక్కా. కథ అయిపోయింది, అంతే.”

“కథకి ఏడుస్తారా యాడన్నా! సరే, మొదట్నించీ చెప్పు. నా స్టాపు ఇంకా దూరం ఉండాది.”

వార్డులో అందరికీ ధైర్యం చెప్పే నర్సును. ఏమాత్రం సిగ్గుపడకుండా మొదలుపెట్టాను. రెండో భాగంలో ఉండగానే నా స్టాపు వచ్చింది. లేవబోతే ఆవిడ చెయ్యి పట్టుకుంది.

“ఆ యక్షిణి ఇల్లు చేరిందా లేదా, అది చెప్పి దిగు!”

ముగింపు ముందే చెప్పేయడం నా వల్ల కాదు. మళ్లీ కూర్చుని, ఆవిడ స్టాపు దాకా వెళ్లి కథంతా చెప్పి, ఇంకో బస్సులో వెనక్కి వచ్చాను. మీరైతే దిగేసేవారా?