పదకొండో ప్రశ్నకు నిండు మార్కులు

ఎద్దు పుండు కాకికి ముద్దు అంటారు. ఉయ్యూరు చుట్టుపక్కల గేదెలు ఉత్త వరిగడ్డి, చెరకు ఆకు తిని పాలు తగ్గిస్తున్నాయని తెలిసిన రోజున నేను సంతోషించాను. నా పీహెచ్‌డీకి విషయం దొరికింది మరి.

విజయవాడ నుంచి రోజూ పొద్దున్నే బస్సెక్కి అక్కడొక ఊరికి వెళ్లేదాన్ని. ఆరు ఇళ్లు ఎంచుకున్నాను. ఇంటికి రెండు పాడిగేదెలు. ఎర్రతాడు కట్టిన గేదెకి నేనిచ్చే కొత్త దాణా, రెండోదానికి పాత మేతే. ఆరు నెలల్లో ఎర్రతాడు గేదె పాలు ఎక్కువిస్తే నేను డాక్టరునైనట్టు. పీహెచ్‌డీలో చేరి అప్పటికే మూడేళ్లు గడిచాయి, స్కాలర్‌షిప్ అయిపోవస్తోంది. ఈ ప్రయోగం పోతే నేనూ పోయినట్టే.

దాణాతో పాటు పశుసంక్షేమం గురించి కూడా రాయకపోతే ఈ రోజుల్లో థీసిస్‌ని ఎవరూ ముట్టుకోరు. అందుకని ఒక ఫారం తయారు చేశాను. నేల పొడిగా ఉందా, మనిషి దగ్గరకొస్తే గేదె బెదురుతోందా, ఎంతసేపు పడుకుంటోంది, ఇలా పాతిక ప్రశ్నలు, ప్రశ్నకు నాలుగు మార్కులు. గేదె పడుకున్న నిమిషాలు లెక్కపెట్టడానికి వాచీ చూసుకుంటూ పాక ముందు స్టూలు మీద కూర్చునేదాన్ని. మొదటి ఇంటావిడ యాభై దాటిన మనిషి. ఓ రోజు పక్కన నిలబడి, "పడుకున్న గేదెని చూట్టానిక్కూడా జీతమిస్తారా మేడంగారూ?" అని అడిగింది. ఎగతాళికి కాదు, నిజంగా తెలుసుకుందామనే. ఇస్తారన్నాను. ఆవిడ పేడ ఎత్తడానికి వెళ్లిపోయింది.

నాలుగు నెలలయ్యాక లెక్కలు చూశాను. ఎర్రతాడు గేదె పాలు పెరిగాయి. పాత మేత గేదె పాలూ సరిగ్గా అంతే పెరిగాయి. ఆరిళ్లలోనూ ఇదే వరస. కొలతపాత్రలు మార్చాను, కాటా మార్చాను, తల ప్రాణం తోకకొచ్చింది. మా గైడుగారు కాగితాలు తిరగేసి, "వరిగడ్డిలో మనకి తెలియని పోషకం ఏదో ఉండుంటుందమ్మా" అన్నారు. చెప్పడానికి సిగ్గే గాని, వరిగడ్డి మహిమ మీద వారం రోజులు కూర్చుని ఒక పేపరు కూడా రాశాను.

ఒకరోజు ముందు బస్సు దొరికి, గంట ముందే ఆ ఊళ్లో దిగాను. మొదటి ఇంటావిడ నా దాణా, తరిగిన వరిగడ్డి ఒకే తొట్టిలో పోసి కలిపి, చెరిసగం చేసి రెండు గేదెల ముందూ పెడుతోంది.

"ఇదేంటండీ, ఎర్రతాడు దానికి మాత్రమే పెట్టమన్నాను గదా" అన్నాను.

"మీరేగా మేడంగారూ మొదటిరోజు ఫారం చదివింది? ఒక గేదె తింటుంటే ఇంకోటి ఆకలితో చూస్తా నుంచుంటే మార్కులు పోతాయన్నారు. పక్కపక్కన కట్టేసి ఒకదానికే ఎట్టా పెడతామండీ? ఆదివారం చర్చి అయ్యాక మిగతా ఇళ్లవాళ్లకీ చెప్పా. మీకు మాట రానిస్తామా?"

ఫారం తీసి చూశాను. పదకొండో ప్రశ్న. నేనే రాసింది. ఆ లెక్కన ఆరిళ్లకీ నిండు మార్కులు, నా ప్రయోగానికి సున్నా. కాసేపు ఆవిడ మీద ఒళ్లు మండింది. తర్వాత నా మీదే మండింది.

గైడుగారు ఉపాయం చెప్పారు. "వీళ్లందరికీ దాణా పెట్టు. పెట్టని గేదెల్ని ఇంకో ఊళ్లో చూసుకో. ఆ ఊరు వీళ్లకి కనపడదుగా." హనుమాన్ జంక్షన్ దాటాక ఒక ఊరు వెతికి పట్టుకున్నాను. దాణా పెట్టని ఆ ఊళ్లో మీకు చుట్టాలెవరైనా ఉన్నారా అని ఆరిళ్లలోనూ అడిగి, లేరన్నాకే ఖాయం చేసుకున్నాను. ఏడాది పాటు ఆ ఊరి గేదెలు ఉత్త గడ్డే తిన్నాయి. అన్నీ ఒకే రకంగా తిన్నాయి కాబట్టి పదకొండో ప్రశ్నకు ఆ ఊరికీ నిండు మార్కులే పడ్డాయి. నాకు డాక్టరేటు వచ్చింది.

స్వీటు డబ్బా పట్టుకుని మొదటి ఇంటావిడ దగ్గరకు వెళ్లాను. ఆవిడ డబ్బా అందుకుని, "చాలా సంతోషం మేడంగారూ. పరీక్ష అయిపోయిందిగా, ఆ ఊరి గేదెలకి ఇప్పుడు దాణా ఇస్తన్నారా?" అంది.

ప్రాజెక్టు ముగిసిందండీ, ఇంక ఎవరికీ ఇవ్వరు అన్నాను.

ఆవిడ లోపలికి వెళ్లి, మిగిలిపోయిన సగం బస్తా దాణా తెచ్చి నా ముందు పెట్టింది.

"ఇది ఆ ఊరందరికీ ఏం సరిపోతుందండీ?" అన్నాను.

"సరిపోయినంతే. తలా గుప్పెడు పెట్టమని చెప్పండి."

బస్తా కాళ్ల దగ్గర పెట్టుకుని హనుమాన్ జంక్షన్ వైపు వెళ్లే బస్సెక్కాను. దారంతా సిగ్గుగానే ఉంది. ఏడాది పాటు ఆ ఊరికి ఫారాలు పట్టుకుని వెళ్లాను. మేత పట్టుకుని వెళ్లడం అదే మొదటిసారి.