భారతి ఒక్కపొద్దు

2017లో పుత్తూరులో ఒక మందుల షాపు పైన నా గది ఉండేది. నేను ఆక్యుపేషనల్ థెరపిస్టుని, అంటే రోజువారీ పనులు కష్టమయ్యే పిల్లలకు వాటిని అలవాటు చేసేదాన్ని. ఎముకల కట్టుకు పేరుపడ్డ ఊరు కదా, చేయి విరిగినవాళ్లు పొరపాటున నా మెట్లెక్కేవారు. విసుక్కుంటూనే దారి చెప్పేదాన్ని. ఇప్పుడు తిరుపతిలో ఏసీ గదిలో కూర్చుంటే ఆ సందడి మీద బెంగగా ఉంటుంది.

కార్వేటినగరం నుంచి భారతి అనే పదమూడేళ్ల అమ్మాయిని వాళ్లమ్మ, అవ్వ తీసుకొచ్చారు. ఆటిజం ఉన్న పిల్ల, చదువులో చురుకు. కానీ శనివారం మధ్యాహ్నమైతే బడిలో ఎవరినో ఒకరిని కొట్టేది. ఇంకోసారి జరిగితే బడి మాన్పించేయమన్నారట.

"శనివారమే ఎందుకమ్మా?" అని తల్లిని అడిగాను.

"ఆ పొద్దు మేం ఒక్కపొద్దు మేడం, రాత్రికే తిండి. ఇదీ మాతోనే ఉంటాది. ఆకలని ఒక్క మాట అనదు."

అవ్వ మురిసిపోయింది. "మాకే కండ్లు తిరగతాయి గానీ దీనికేం కాదు. ఎంత భక్తో సూడండి!"

నాకు ఒళ్లు మండింది. పిల్లవైపు తిరిగాను.

"శనివారం మధ్యాహ్నం ఆకలేస్తుందా భారతీ?"

"లేదు."

"మరి ఎట్లుంటుంది?"

"చేతులు వణకతాయి. అందురూ గట్టిగా అరస్తా ఉంటారు. నోరు మూయమన్నా మూయరు."

ఎవరూ అరిచి ఉండరు. ఆకలి, దాహం, గుండెదడ లాంటివి లోపలినుంచి మనకు తెలియడాన్ని ఇంటెరోసెప్షన్ అంటాం. ఆటిజం ఉన్న కొందరికి అది సరిగా అందదు, అందినా ఏమిటో పోల్చుకోలేరు. భారతికి ఆకలి చిరాకై వచ్చేది.

"దానికి మధ్యాహ్నం అన్నం పెట్టాల్సిందే" అన్నాను.

"దీని కోసరం మొక్కుకున్నా మేడం. సామికి కోపమొస్తే?" అవ్వ కళ్లలో నీళ్లు తిరిగాయి. నా కోపం చల్లారిపోయింది.

"మొక్కు మీది కదవ్వా, మీరుండండి. బిడ్డకు మాత్రం గంట చూసి పెట్టండి. అడిగేదాకా ఆగొద్దు."

అవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంది. చివరికి, "సరే, దాని పొద్దు గూడా నేనే ఉంటాలే" అంది.

గొడవలు ఒక్కసారిగా ఆగలేదు గానీ తగ్గాయి. బడి మానాల్సిన అవసరం రాలేదు. "ఆకలేస్తే అదే అడుగుతుందిలే" అని ఏ తల్లి అన్నా ఆనాటినుంచి నేను ఊరుకోలేదు.

భారతి ఇప్పుడు తిరుపతిలోనే డిగ్రీ చదువుతోంది. మధ్యాహ్నం ఫోన్ చేస్తుంది. నిన్నా చేసింది.

"అన్నం తిన్నారా మేడం?"

"ఇంకా ఆకలి కాలేదమ్మా."

"ఆకలి సంగతి నేను అడగల్యా. ఒంటిగంటయింది. తినండి."