అమ్మ లేచే రోజు

మా బాపుది కుంభకర్ణుడి నిద్ర. ఎయిర్‌పోర్టు వచ్చాక ఇంటి మీద నుంచే విమానాలు పోయేవి, ఆయన మాత్రం పక్కకు కూడా ఒత్తిగిలేవాడు కాదు. ఆయనను లేపడం మా అమ్మకు తప్ప ఇంకెవరికీ చేతకాదు. ఆమె పిలిచేది కాదు, తట్టేది కాదు. వాకిలి ఊడ్చుకుంటూ వచ్చి మంచం కోడును కాలితో ఒక్క తన్ను తన్నేది. "లెవ్వు, పొద్దెక్కింది" అనేది. బాపు ఉలిక్కిపడి లేచి కూర్చుని, "లేచే ఉన్న" అని బుకాయించేవాడు. నా చిన్నప్పటి నుంచి మా ఇంట్లో తెల్లారేది ఈ తన్నుతోనే.

మా ఇంట్లో యేసయ్యను నమ్ముకున్నది అమ్మ ఒక్కతే. నాకొక చెల్లెలుండేది. ఇంకా బడికి కూడా పోని వయసులో జ్వరమొచ్చి పోయింది. మాది శంషాబాద్ పక్కన వ్యవసాయం చేసుకునే ఇల్లు. మాలో పెద్దవాళ్ళు పోతే కాలుస్తారు, చిన్నపిల్లలనైతే పాతిపెడతారు. చెల్లెను మా మెట్ట చెలకలోనే, గట్టు కింద, సీతాఫలం చెట్టు పక్కన పెట్టారు. అమ్మ అన్నం ముట్టడం మానేసింది. వచ్చినవాళ్ళంతా "మర్చిపో" అని చెప్పి పోయారు. మా వెనక వాడలో రేకుల షెడ్డులో ప్రార్థన చేసుకునే ఆడవాళ్ళు మాత్రం, "నీ బిడ్డ యేసయ్య కాడ ఉన్నదక్కా, మళ్ళ చూస్తవు" అన్నారు. ఆ మాట కోసమే అమ్మ వాళ్ళ వెంట పోయింది. బాపు అడ్డు చెప్పలేదు. ఆదివారాలు ఆమె ప్రార్థనకు పోతే ఆయన అన్నం వండి, తప్పకుండా మాడగొట్టేవాడు.

తర్వాత సగం చెలక ఎయిర్‌పోర్టు కిందికి పోయింది. గట్టు, సీతాఫలం చెట్టు దాని ప్రహరీ గోడకు ఇవతలే మిగిలాయి. నేను టాక్సీ తోలడం మొదలుపెట్టాను.

తెలంగాణ వస్తుందా రాదా అని ప్రతి చాయ్ హోటల్లో కొట్టుకుంటున్న రోజుల్లో అమ్మ కడుపులో గడ్డ బయటపడింది. పట్నం దవాఖానలో డాక్టరు నన్నొక్కడినే లోపలికి పిలిచి, ఇంటికి తీసుకుపొమ్మన్నాడు. ఆయన మీద గట్టిగా అరిచాను. పాపం, ఆయన చేసిందేమీ లేదు. అత్త మీద కోపం దుత్త మీద చూపించడం నాకు పుట్టుకతో వచ్చిన గుణం.

తిరుగు దారిలో అమ్మ అడిగింది. "ఏమన్నడు?"

"మందులు రాసిండు."

"అబద్ధమాడకు కొడుకా. నాకేం భయం లేదు. పోయి బిడ్డను చూసుకుంట." శంషాబాద్ దగ్గర పడ్డాక, "జర ఎయిర్‌పోర్టు చూపియ్యరాదు? గోడ తప్ప ఏమీ చూడకపోతి" అంది.

ప్రయాణికులు బయటికి వచ్చే చోట కటకటాల దగ్గర నిలబెట్టాను. దుబాయ్ విమానం దిగినట్టుంది. బురఖాలో ఉన్న ఒక ముసలమ్మ కొడుకు మొహాన్ని రెండు చేతులతో పట్టుకుని వదలడం లేదు. అమ్మ మొహం వెలిగిపోయింది. "ఆడ గూడ గిట్లనే ఉంటది కొడుకా. యేసయ్య నిలబడి ఉంటడు. పక్కకే నా బిడ్డ ఉంటది" అంది. ఆ తర్వాత ఒక ముసలాయన ఒంటరిగా బయటికి వచ్చాడు. చేతిలో సంచి ఉంది. అటు చూశాడు, ఇటు చూశాడు. ఎవరూ రాలేదు. అమ్మ ఆయన పోయేదాకా చూసి, కటకటాలు పట్టుకుని కిందికి కూలబడింది.

"మీ బాపు కోసం నేను ఎన్ని దినాలు నిలబడ్డా ఆయన రాడు గదా. నమ్మనోళ్ళు ఆడికి రారంట. ఎట్ల కొడుకా?"

ఆమెను లేపి కారులో కూర్చోబెట్టాను.

ఆ రోజు నుంచి ఆమె రోగం కోసం ప్రార్థన చేసుకోలేదు. షెడ్డు నుంచి ఆడవాళ్ళు వచ్చి "స్వస్థత కోసం అడుగుదాం" అంటే, "నా పని అయిపాయె, ఈయన కోసం అడుగుండ్రి" అని ఏడ్చేది. మంచంలో ఎముకల గూడులా మిగిలి, బాపు చెయ్యి పట్టుకుని, "ఒక్కసారి నమ్మయ్యా, ఒక్కసారి" అని బతిమాలేది. నా మాట ఎత్తితే, "వానికింకా టైమున్నది" అనేది. నాకు యేసయ్య మీద కూడా కోపం వచ్చింది. ఒక మనిషి అంతగా నమ్మితే, ఆమెకు ఈ భయం మిగిల్చాడేమిటి అనుకున్నాను.

బాపు తెల్ల చొక్కా వేసుకుని ప్రార్థనకు పోవడం మొదలుపెట్టాడు. అందరి వెనక గోడకు ఆనుకుని కూర్చునేవాడు. ఒకనాడు నేను తీసుకురావడానికి పోతే, నా ముందే పాస్టరును నిలబెట్టి అడిగేశాడు. ఆ పాస్టరు కోస్తా నుంచి వచ్చిన కుర్రాడు, మంచివాడు.

"అయ్యగారు, మంచంల పడ్డామె నా పెండ్లాం. ఆమెతోని పోవాలంటే నేనేం చెయ్యాలె?"

"ఆవిడ కోసం కాదు పెద్దాయనా, ప్రభువు కోసం రావాలండి. హృదయంలో నమ్మితే చాలు."

నేను మధ్యలో దూరి, ముసలోళ్ళతో పరాచికాలా అని పాస్టరు మీద ఎగిరాను. ఇంటికొచ్చి బాపు మీద పడ్డాను. "ఒక్క మునక మునిగితే నీ సొమ్మేం పోతది? బాప్తిస్మం తీసుకో. ఆమె నిమ్మళంగ పోతది."

"మునుగుడు పెద్ద పని కాదురా. కండ్లు మూసుకుని మస్తు చూసిన. నాకు నమ్మకం వస్తలేదు. నమ్మిన అని అబద్ధం చెప్పి ఆడికి పోతే ఆమె మొకం ఎట్ల చూడాలె?" అన్నాడు బాపు. చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆయన ఏడవడం నేను చెల్లె పోయినప్పుడు కూడా చూడలేదు.

చివరికి అమ్మ ప్రార్థన కూడా మారిపోయింది. అన్నేళ్ళు ఎప్పుడు పోయి చూస్తానా అని ఎదురుచూసిన మనిషి, "నేనిప్పుడే రాను యేసయ్యా, ఈయన్ను ఇడిసి రాను" అని కొట్టుకులాడింది. అటు బిడ్డ, ఇటు మొగుడు. ఎటూ కాకుండా నలిగిపోయింది. అది చూడలేక నేను డ్యూటీ పేరు చెప్పి కారులో పడి ఉండేవాడిని.

ఒక పొద్దున ఇంటికి వచ్చేసరికి ఎండ వాకిట్లోకి వచ్చేసింది. బాపు ఆమె మంచం పక్కన తన మంచం మీద ఇంకా పడుకునే ఉన్నాడు. మంచాన పడ్డా అమ్మ రోజూ కాలు చాపి ఆ కోడును తన్నేది, ఆ పొద్దు ఎవరూ లేపలేదు. నాకు గుమ్మంలోనే అర్థమైంది.

అమ్మను చెల్లె పక్కన పెట్టాలన్నాడు బాపు. ఆయన అన్న, మా పెద్దబాపు, ఆమె నమ్మకం ఆమెది అని ఒప్పుకున్నాడు. పాస్టరు గుంత దగ్గర ప్రార్థన చేసి, ప్రభువు వచ్చే రోజున సమాధుల్లో ఉన్నవారు లేస్తారని చెప్పాడు. బాపు ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"అయ్యగారు, ఈ జాగలకెల్లే లేస్తదా?"

"ఇక్కడి నుంచేనండి."

బాపు తల ఊపాడు.

చుట్టాలంతా వెళ్ళిపోయాక నన్నూ, పెద్దబాపునూ చెలకకు తీసుకుపోయాడు. అమ్మకు ఇవతలి పక్కన కట్టెతో నేల మీద గీత గీశాడు. "నన్ను ఈడ పెట్టుండ్రి. నాకు నిప్పు పెట్టొద్దు" అన్నాడు.

పెద్దబాపు నెత్తి కొట్టుకున్నాడు. "ఏందిరా నీ పిచ్చి? కన్న కొడుకు ఉండంగ తలకొరివి లేకుంట పోతవా? మన తాతల కాడికి పోవా?"

"వాళ్ళకేంది అన్నా, ఒకళ్ళకొకళ్ళు ఉన్నరు" అన్నాడు బాపు.

నేనూ అరిచాను. తలకొరివి పెట్టడం నా హక్కు అన్నాను. పైగా నీకు నమ్మకమే లేదు, నిన్నెవరు లేపుతారు అని కూడా అనేశాను. అన్నాక నోరు కాలినట్టయింది.

బాపు కోపగించుకోలేదు. "యేసయ్య నన్ను లేపుతడని నేనంటలేను. ఆమెను లేపుతడు గదా. ఆమె ముందుగాల బిడ్డను లేపుకుంటది. నేను పొద్దెక్కినా లేవనని ఆమెకు ఎరుకే. ఇడిసిపెట్టి పోతదారా?" అన్నాడు.

పెద్దబాపు మొహం తిప్పుకున్నాడు. బాపు తను గీసిన గీతను కాలితో చెరిపి, అమ్మకు ఇంకాస్త దగ్గరగా జరిపి మళ్ళీ గీశాడు.

"ఆడ మంచం ఉండది గదా కొడుకా. ఆమె కాలు అందేటంత దగ్గర పెట్టు."