రెండో లైను పలకని రోజు

తొంభైల చివర్లో నేను విజయవాడలోని ఒక చిన్న కంప్యూటర్ సంస్థలో ప్రోగ్రాములు రాసేదాన్ని. అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. ఊరి బయట రొయ్యల ప్లాంటు ఒకటి మాకు పని ఇచ్చింది. అక్కడ నాలుగు చలిగదులు ఉండేవి. వాటిని చల్లబరిచేది అమ్మోనియా. పైపు ఎక్కడైనా కారిందంటే ఆ గ్యాసు కళ్లను, ఊపిరితిత్తులను కాల్చేస్తుంది. అందుకని గదికొక సెన్సర్ బిగించి, నాలుగింటి కేబుళ్లూ ప్లాంటు ఆఫీసులోని ఒక కంప్యూటర్‌కి తెచ్చారు. ప్రతి సెన్సరూ రెండు సెకన్లకోసారి గాలిలో గ్యాసు ఎంతుందో అంకెలో పంపేది. ఆ అంకె పెరిగితే సైరన్ మోగించాలి. ఆ ప్రోగ్రాము రాసింది నేను.

చాలా తేలిగ్గా రాశాను. మొదటి లైను చదవడం, తర్వాత రెండోది, మూడోది, నాలుగోది, మళ్లీ మొదటికి రావడం. నెల రోజులు చక్కగా నడిచింది. ప్లాంటు ఓనరుగారు టీ తెప్పించి మెచ్చుకున్నారు కూడా.

ఒక మధ్యాహ్నం రిపోర్టులో చిన్న మార్పు చేయడానికి వెళ్లాను. తెర మీద నాలుగు అంకెలూ మామూలుగానే ఉన్నాయి. అవి కదలడం లేదని గమనించడానికి నాకు కాసేపు పట్టింది. గాలి ఎంత బాగున్నా అంకె కొద్దిగా అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది. ఇవి బొమ్మలో అంకెల్లా బిగుసుకుపోయి ఉన్నాయి. ఎందుకిలా అనుకునేలోపే వరండాలో అరుపులు వినిపించాయి.

కంప్రెసర్ ఆపరేటర్ పరుగెత్తుకొచ్చాడు. యాభై దాటిన మనిషి, అందరూ భాయ్ అనే పిలిచేవారు. ముఖానికి తడి తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు.

"మూడో గదిలో గ్యాసమ్మా! నీ సైరన్ కూయలేదేంటి? బయటికి పో, గాలికి ఎదురు పో!"

నేను వరండా దాకా వచ్చి ఆగిపోయాను. అతను వెనక్కి పరుగెత్తి వాల్వు కట్టేశాడు. లోపల పెట్టెలు సర్దుతున్న ఇద్దరు ఆడవాళ్లలో ఒకామె తనే బయటపడింది. రెండో ఆమెను ఇద్దరు మోసుకొచ్చి కుళాయి కింద కూర్చోబెట్టారు. బందరు వైపు చేపలు పట్టే కుటుంబం నుంచి వచ్చిన మనిషి, నాకంటే పదేళ్లు పెద్ద. నీళ్లు ధారగా కళ్లలో పడుతుంటే "కనపట్టం లేదండీ, ఏం కనపట్టం లేదండీ" అంటూనే ఉంది.

ఆమెను ఆస్పత్రికి తీసుకెళ్లాక కారణం దొరికింది. రెండో గది కేబుల్‌ను ఎలుక కొరికేసింది. ఓనరుగారు నన్ను ఓదార్చారు.

"కేబుల్ తెగితే నువ్వేం చేస్తావమ్మా? నీ తప్పేం లేదులే."

నేను తలూపాను. కానీ నాకు తెలుసు. తెగింది రెండో గది కేబుల్, గ్యాసు కారింది మూడో గదిలో. నా ప్రోగ్రాము రెండో లైను దగ్గర ఆగి, ఎన్నటికీ రాని అంకె కోసం ఎదురుచూస్తూ కూర్చుంది. మూడో సెన్సర్ ప్రమాదం అని పంపుతూనే ఉంది. చదివేవాళ్లు లేరు.

రెండ్రోజులు ఎవరికీ చెప్పలేదు. ఆమెకు చూపు పోతే? ఎవరైనా కనిపెడితే? ఈ రెండు భయాల్లో ఏది పెద్దదో నాకే తెలియక నా మీద నాకు అసహ్యం వేసింది. మూడో రోజు కంప్రెసర్ గదికి వెళ్లి భాయ్‌తో ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. అతను కోప్పడలేదు. అది ఇంకా కష్టంగా అనిపించింది.

"నేను నాలుగు కంప్రెసర్లు చూస్తానమ్మా. ఒకదాని దగ్గరే చెవి పెట్టుకుని కూచోను. మధ్యలో కూచుంటా. ఏది తేడాగా మోగితే దాని దగ్గరికెళ్తా."

"ఏదైనా అసలు మోగకపోతే?"

"అప్పుడే కదా ఎక్కువ భయం. వెంటనే లేచెళ్లి చూస్తా."

మా ఆఫీసుకు వచ్చి మాన్యువల్ తిరగేశాను. ప్రోగ్రాములో వాడే సెలెక్ట్ అనే ఆదేశం ఒకటి ఉంది. నాలుగు లైన్లూ ఒకేసారి దాని చేతికిచ్చి, ఏది సిద్ధమైతే అది చెప్పమనొచ్చు. ఇంతసేపే వేచి ఉండమని గడువు కూడా పెట్టొచ్చు. మొదట ప్రోగ్రాము రాసేటప్పుడు ఆ పేజీని అవసరం లేదనుకుని దాటేశాను. అయితే ఆ గడువు ఒక్కటే చాలదు. మూడు లైన్లు మాట్లాడుతుంటే నాలుగోదాని మౌనం బయటపడదు. అందుకని ఏ లైను చివరిసారి ఎప్పుడు పలికిందో విడివిడిగా గుర్తుంచుకుని, పది సెకన్లు పలక్కపోతే బజర్ మోగేలా రాశాను. ఆ అంకెల్ని అచ్చువేసే ప్రింటర్‌లో కాగితం అయిపోతే అక్కడ కూడా ప్రోగ్రాము ఇలాగే ఆగిపోతుందని అప్పుడు తట్టింది. అదీ సరిచేశాను.

తర్వాత ఓనరుగారికి నిజం చెప్పాను. "పనిచేస్తుందని ఆ గదుల్లో పనిచేసేవాళ్లకి చూపించు. నాకు కాదు" అన్నారు.

పన్నెండు రోజులకు ఆమె తిరిగొచ్చింది. చూపు నిలిచింది, కళ్లింకా ఎర్రగానే ఉన్నాయి. ప్లాంటులో ఆడవాళ్లంతా వినేలా, రెండో కేబుల్ తెగితే నా ప్రోగ్రాము మొత్తం ఆగిపోయిందని, తప్పు నాదేనని చెప్పాను. ఆమె నేరుగా కంప్యూటర్ వెనక్కి వెళ్లింది.

"ఏదండీ రెండోది?"

చూపించాను. తనే పట్టుకుని పీకేసింది. పది సెకన్లకు బజర్ మోగింది. ఆ వెంటనే భాయ్ మూడో సెన్సర్ దగ్గర అమ్మోనియా సీసా మూత తీశాడు. సైరన్ ప్లాంటంతా మోగింది. కొందరు చెవులు మూసుకున్నారు. ఆమె మూసుకోలేదు, చివరిదాకా విన్నది.

కేబుల్ మళ్లీ పెట్టాక ఆమె మూడో చలిగది తలుపు తెరిచి నా వైపు తిరిగింది.

"మీరూ రండి."

అంతవరకు నేనా గదిలో ఎప్పుడూ అడుగుపెట్టలేదు. లోపలికి వెళ్లగానే తలుపు బరువుగా మూసుకుంది. ఊపిరి పొగలా వచ్చింది. ఎక్కడ ఏ పైపు చిన్నగా శబ్దం చేసినా ఆగి అటే చూసేదాన్ని. ఆమె పెట్టెలు అందుకుంటూ, "అట్టా నిలబడిపోతే గడ్డకట్టిపోతారు, ఆ పక్క పట్టుకోండి" అంది. పట్టుకున్నాను.