కదలని ముల్లు

అచ్చంపేటలో కిరాయి కారు నడిపే ఆ డ్రైవరుకు ఎడమ కనుబొమ్మ ఎప్పుడూ నల్లమల ఎత్తున లేచే ఉండేది. కోడి కూసినా దానికెవరు చెప్పారని ఆరా తీసే మనిషి.

పోలీసు యాక్షన్ అయిన కొత్తలో, నేనెక్కిన ఆయన కారు కల్వకుర్తి దగ్గర రైలింజనంత ఆవిరి కక్కింది. ఇంజను వేడి చూపే ముల్లు మాత్రం చలికి ముడుచుకున్నట్టు అడుగునే పడుకుంది.

"గీ ముల్లు అబద్ధమాడుతాంది," అంటూ డ్రైవరు ఆ మీటరునూ, దానికున్న సన్నటి రాగి గొట్టాన్నీ ఊడదీశాడు. గొట్టం కొసనున్న గుండును చాయ్ హోటల్లో మసిలే నీళ్లలో ముంచాడు. ముల్లు కదల్లేదు.

అంతలో పోలీసు లారీ ఆగింది. కమ్యూనిస్టుల కోసం గడ్డివాములను కూడా నిలబెట్టి విచారించే రోజులవి.

"గిది వైర్‌లెస్సు గదరా? ఎవలికి ఖబర్ పంపుతున్నవ్?" అన్నాడు జమాదారు.

"గాదు దొరా, వేడి సూపే మీటరు. ఖరాబైంది."

"నీళ్లు మసులుతుంటే ముల్లు కదలదేంది? లారీ ఎక్కు!"

ఆ లారీ ఎక్కినవాళ్లు తిరిగొచ్చింది ఎవరూ చూడలేదు. నేను కారు వెనక్కి జరిగాను. డ్రైవరు మాత్రం, "మీ లారీల గూడ గిసొంటిదే ఉంటది దొరా. గది ముంచి సూడుండ్రి. ముల్లు లేస్తె, నాది గూడ మీటరేనని నమ్ముతరు," అన్నాడు.

ఊడదీసి ముంచారు. సర్కారు ముల్లూ కదల్లేదు.

జమాదారు తన లారీని చూశాడు, చుట్టూ మూగిన జనాన్ని చూశాడు, పొమ్మని చెయ్యూపాడు.

రేడియేటరులో నీళ్లు పోసుకుని బయల్దేరాక డ్రైవరు వెనక్కి చూస్తూ గుసగుసలాడాడు.

"సారూ, గది నిజంగ పోలీసు లారీయేనంటరా?"