కిటికీ కింద నూరువరహాలు

ఆ పేటలో రసమట్టం మేస్త్రి ఇల్లెక్కడని అడిగితే చిన్నపిల్లలు కూడా చెయ్యి పట్టుకుని తీసుకెళ్తారు. చదివింది ఐదో తరగతి, అదీ వానాకాలం చదువు. అయితేనేం, పదహారో ఏట పట్టిన తాపీని అరవైనాలుగేళ్లు వచ్చినా దించలేదు. బడికి పదకొండు గదులు కట్టాడు, ఒక్క గదిలో చుక్క కారలేదు. నీళ్ల ట్యాంకులు మూడు కట్టాడు, ఒక్కదానికి పగులు రాలేదు. ఆసుపత్రి ప్రహరీకి ఈ చివర నుంచి ఆ చివరకు దారం లాగి చూసుకోండి, వెంట్రుకవాసి తేడా ఉండదు. ఇంజనీరు గీసిన మెట్ల లెక్క తప్పని ముఖం మీదే చెప్పి, ఆ ఇంజనీరు చేతే ఔననిపించిన మనిషి. గోడ వాలిందో లేదో చూసే జానెడు రసమట్టం ఎప్పుడూ చొక్కా జేబులో ఉంటుంది కనుక ఆ పేరు స్థిరపడిపోయింది.

ఇవన్నీ గొప్పలే, కాదనను. కానీ ఆ మనిషి ఎత్తు తెలియాలంటే మోకాలెత్తు కూడా లేని ఒక పూలమొక్క సంగతి చెప్పుకోవాలి.

ముప్పై ఏళ్ల కిందట సొంత ఇల్లు కట్టుకున్నప్పుడు గడప నుంచి గేటు దాకా గచ్చు చేసేస్తానన్నాడు. భార్య ఒప్పుకోలేదు. ఆవిడది కుట్టుపని, మిషను ఉండేది వీధి కిటికీ దగ్గర. ఊళ్లో వాళ్ల నేలంతా నీ సిమెంటు కిందకే పోయింది, నా కిటికీ కిందైనా కాస్త మట్టి మిగల్చమని పోట్లాడి ఏడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు వదిలించుకుంది. అక్కడ ఏది నాటినా కిటికీని మించి ఎదిగేది. సూదిలోకి దారం ఎక్కించడానికి వెలుతురు చాలక ఆవిడే కొట్టేయించేది. కిందటేడు మొక్కలమ్మే ఆయన పొట్టి రకం నూరువరహాలు ఇచ్చాడు. చిన్న ఆకు, ఒత్తయిన గుబురు, రెండడుగులు దాటదు, పట్టిందంటే గుత్తులు గుత్తులుగా ఎర్రగా పూస్తుందన్నాడు. నాటింది మేస్త్రే. గోడకు సరిగ్గా జానెడు దూరం కొలిచి మరీ నాటాడు. నాలుగు ఆకులు ఎక్కువ తక్కువ అయ్యేసరికి దాని తలమీద రసమట్టం పెట్టి కత్తిరించబోతే ఆవిడ కత్తెర లాక్కుంది. పూత వచ్చేది కొసల్లోనే, నీ మట్టానికి అవన్నీ పోతే ఇక పూసేదేమిటని చివాట్లు పెట్టింది.

కత్తెర తప్పినా మొక్క పూయలేదు. ఆకులు పసుపు తిరిగాయి. ఈనెలు మాత్రం పచ్చగా, తక్కినదంతా కామెర్లు వచ్చినట్టు. మొగ్గ లేదు.

ఇక్కడే వచ్చిపడింది చిక్కు. వాళ్ల కూతురు ఆసుపత్రిలో నర్సు, అమ్మానాన్నల దగ్గరే ఉంటుంది. ఆమె స్కూటరు రోడ్డు మీద ఉంటే రెండుసార్లు అద్దం విరగ్గొట్టారు, ఒకసారి పెట్రోలు తీసుకుపోయారు. ఆ పూయని మొక్క పీకేసి, కిటికీ కింద గచ్చు చేస్తే బండి పెట్టుకుంటానంది. అడిగింది న్యాయమే. ఆరు బస్తాల సిమెంటు కూడా వచ్చి వరండాలో కూర్చుంది. తల్లి ఒక షరతు పెట్టింది. తొలకరి పడేలోగా మొక్క పూస్తే నేల తనది, పూయకపోతే బండిదని మాట ఇచ్చింది. కూతురు సరేనంది. మేస్త్రి సాక్షి.

ఆ రోజు నుంచి ఆయన మొక్క మీద రెట్టింపు శ్రద్ధ పెట్టాడు. ఇంకా చిన్నా చితకా మరమ్మతులకు వెళ్లేవాడు. సాయంత్రం రాగానే కుళాయి కింద తాపీ, గమేళా, బకెట్టు కడిగేవాడు. ఆ ఇంట్లో నీళ్లు ఊరికే పారబొయ్యరు. కడిగిన నీళ్లు తెచ్చి, నాటిన నాటి నుంచీ పోస్తున్నట్టే, ఇప్పుడు చుక్క పోకుండా మొక్క మొదట్లో పోసేవాడు. పసుపు ఎక్కువైంది. ఎండ దెబ్బేమోనని మరో అర బకెట్టు పోశాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు కొత్త చిగుళ్లు కొసలు మాడి రాలాయి.

తొలకరికి పది పన్నెండు రోజులుందనగా ఒక ఉదయం ఆయన మొక్క దగ్గర గొంతుకూర్చుని మట్టి కేసి అలాగే చూస్తుండిపోయాడు. మట్టి మీద తెల్లటి పొర. ఆ పొర ఆయనకు కొత్త కాదు. కొత్త గోడలకు అది తేలినప్పుడల్లా ఇంటివాళ్లకు ఇది సిమెంటు మాలులోంచి వచ్చిన ఉప్పమ్మా అని ఆయనే చెప్పేవాడు. తాపీ తెచ్చి గీశాడు. మట్టిలో గీసిన చప్పుడు కాదు, గచ్చు మీద గీసిన చప్పుడు. ఇంకాస్త లోతుకు తవ్వితే వేళ్ల మీద అట్టకట్టిన బూడిదరంగు పెచ్చులు. ఏడాదిగా రోజుకో గుప్పెడు చొప్పున ఆ నేలను గచ్చు చేస్తున్నది తనే.

లోపలికి వెళ్లి మిషను పక్కన నిలబడ్డాడు. తను కట్టిన దాంట్లో తప్పుందని ఎన్నడూ ఒప్పుకోని మనిషి. ఆవిడ తల ఎత్తకుండానే ఏమిటన్నట్టు ఊఁ అంది.

"మొక్కకు తెగులేమీ లేదే. నేనే చంపుతున్నాను."

ఆవిడ మిషను ఆపింది. కడిగిన నీళ్ల సంగతి, తెల్లపొర సంగతి, గోడ సున్నానికి అంత దగ్గర నాటడం కూడా తప్పేనన్న సంగతి, ఏదీ దాచకుండా చెప్పుకున్నాడు. సాయంత్రం కూతురికీ అదే చెప్పాడు. మొక్కై వంగనిది మానై వంగునా అంటారు. మానై కూడా వంగొచ్చునని ఆ ఇంట్లో ఆ రోజు తెలిసింది.

తర్వాత నాలుగు రోజులు పనికి పోలేదు. మొక్కను వేళ్లతో ఎత్తి తడిగోనెలో చుట్టి నీడన పెట్టాడు. రెండడుగుల లోతు తవ్వి పాత మట్టి అంతా ఎత్తిపోశాడు. ఊరి బయటి నుంచి ఎర్రమట్టి తెచ్చి, ఆకుల ఎరువు సగానికి సగం కలిపాడు. ఈసారి గోడకు మూరెడు ఎడంగా నాటాడు. పనిముట్లు కడగడం పెరటి వైపుకు మార్చాడు. వారం తిరిగేసరికి ఒక చిగురు వేసింది, పచ్చటి పచ్చ. కానీ చిగురు పువ్వు కాదు కదా. ఆ మర్నాడే తొలకరి కురిసింది.

కూతురు బస్తాలు తడవకుండా టార్పాలిన్ పట్టా కప్పింది. తల్లి అడిగించుకునే రకం కాదు. మొక్కను ఎక్కడికి మారుద్దామో చెప్పు, మాట మాటేనంది.

మర్నాడు తెల్లవారుతూనే సుత్తి చప్పుడుకు ఆడవాళ్లిద్దరూ వరండాలోకి వచ్చారు. మేస్త్రి వీధి గుమ్మం మెట్లు పగలగొడుతున్నాడు. మూడు మెట్లు, అంచులు చెక్కి పాలిష్ పట్టినవి. ఇలాంటివి మాకూ కట్టమని పేటలో ఇరవై ఇళ్లవాళ్లు వచ్చి చూసిపోయినవి.

"నాన్నా, మతి ఉండే చేస్తున్నావా?"

"ఏటవాలుగా కడతానమ్మా. నీ బండి ఏకంగా వరండాలోకే ఎక్కుతుంది. వానకు తడవదు, దొంగకు అందదు."

"పందెం ప్రకారం ఆ నేల నాది కదా."

"నీదే. కానీ ఓడింది మీ అమ్మ మొక్క కాదు, నేను. నా తప్పుకు నా మెట్లు పోవాలి గానీ ఆవిడ మట్టి ఎందుకు పోవాలి?"

కూతురు లోపలికి వెళ్లి ఇంకో సుత్తి తెచ్చుకుంది. భార్య మాత్రం గడప మీద కూర్చుని, ముప్పై ఏళ్లుగా ఆ మెట్లు ఎక్కి ఎక్కి నా మోకాళ్లు అరిగాక గుర్తొచ్చిందా మేస్త్రీ అని దెప్పింది. దెప్పుతూనే ముక్కలు ఏరి గమేళాలో వేసింది. ఆరు బస్తాలకు ఐదున్నర సరిపోయింది.

రెండున్నర నెలలకు పూసింది. ముందు ఒక గుత్తి, పది రోజులకు ఏడు, ఆపైన ఆకు కనపడకుండా ముప్పైకి పైన. కిటికీ అంచు దాకా కూడా లేవలేదు. ఎండ ఎప్పటిలాగే సూది మీద పడుతోంది. ఇప్పుడు వీధిలో ఎవరి మొక్క పసుపు తిరిగినా మేస్త్రి కోసమే కబురొస్తుంది. వెళ్లి ఆకు చూసే ముందు, నేనేం చేశానో ముందు వినండని తన తప్పు తనే చెప్పి మొదలుపెడతాడు. అలా నిలబెట్టిన మొక్కలు ఇప్పటికి తొమ్మిది.

మొన్న జాకెట్టు కొలతలకు వచ్చినావిడ కిటికీలోంచి ఆ ఎరుపు చూసి, ఎవరి చేతి చలవమ్మా అని అడిగింది. మేస్త్రి భార్య టేపు మడుస్తూ అంది:

"మా ఆయనే. ఏడాది పాటు చంపి, తర్వాత బతికించాడు."

లోపల కుర్చీలో ఉన్న మేస్త్రి, లెక్క సరిగ్గానే చెప్పిందన్నట్టు తల ఊపాడు.