ముందే పెట్టిన టబ్బు

కరోనాకు ముందటి ఏడాది. అమలాపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి కీమోథెరపీ గదిలో నేను స్టాఫ్ నర్సుని. పడకలు ఆరు. రోగులు రాకముందే ప్రతి మంచం పక్కనా ఒక నీలం టబ్బు పెట్టేవాణ్ణి, వాంతి నేలమీద పడకుండా. అది శ్రద్ధ అనుకునేవాణ్ణి.

వీరవేణి గారిది బండారులంక. భార్యాభర్తలిద్దరూ మగ్గం పనివారు. రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషనయ్యాక ఆవిడకు ఆరు విడతల కీమో రాశారు. మొదటి రెండుసార్లు మందు ఎక్కిన తరవాత వాంతులయ్యాయి. మూడోసారి సూది గుచ్చకముందే, టబ్బు చూడగానే. నాలుగోసారి గుమ్మంలోనే.

"కాలవ వంతెన దాటేసరికే కడుపులో తిప్పేత్తందండి," అన్నారావిడ నోరు తుడుచుకుంటూ.

"మందెక్కకుండానే వాంతేంటమ్మా? అంతా మీ మనసులోనే ఉంది. మిగతావాళ్ళని చూడండి," అన్నాను. పక్క మంచాలవాళ్ళు విన్నారు.

భర్త సత్తిబాబు గారు తల దించుకుని, "ఆయ్, దానికి కొంచెం బెదురెక్కువండి," అన్నారు.

ఐదో విడతకు వీరవేణి గారు రాలేదు. జరిగింది చెబితే డాక్టరు గారు, "యాంటిసిపేటరీ నాజియా గురించి చదవలేదా?" అని మాత్రం అడిగారు.

చదివాను. ముందస్తు వికారమని పరీక్షలో రాశాను కూడా. బాధపెట్టిన మందును శరీరం మరిచిపోదు. ఆ మందుతోపాటు ఎదురైన వస్తువునో, వాసననో, దారినో గుర్తుపట్టి, మందు రాకముందే వికారపడుతుంది. అది నటన కాదు. ముందుగా మాత్ర ఇవ్వచ్చు, గది మార్చచ్చు. కేస్‌షీట్‌లో యాంటిసిపేటరీ నాజియా అన్న రెండు మాటలు రాసి ఉంటే అవన్నీ జరిగేవి. నేను రాసింది "రోగి సహకరించడం లేదు" అని.

ఆ ఆదివారం క్షమించమని అడగడానికి బండారులంక వెళ్ళాను. వీరవేణి గారు అరుగుమీద కూర్చుని నూలు చుడుతున్నారు. నేను మామూలు చొక్కాలో ఉన్నాను, చేతిలో ఏమీ లేదు. నన్ను చూడగానే ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పెరట్లోకి పరుగెత్తారు.

"మీమీద కోపం కాదండి. మిమ్మల్ని చూత్తే అలాగైపోతంది," అన్నారు సత్తిబాబు గారు, నాకు కుర్చీ వేస్తూ.

నేను కూర్చోలేదు. వేరే నర్సుని పెడతామని, వేరే గది ఇస్తామని ఆయనకే చెప్పి వచ్చేశాను. ఆవిడ మళ్ళీ ఆసుపత్రికి రాలేదు. రెండేళ్ళకు జబ్బు తిరగబెట్టి పోయారని తెలిసింది. మిగిలిన రెండు విడతలూ పడితే బతికేవారో లేదో ఎవరూ చెప్పలేరన్నారు డాక్టరు గారు. ఆ మాట నాకు ఊరటనివ్వలేదు.

ఇప్పుడు టబ్బులు బీరువాలో ఉంటాయి. వికారం ఎక్కడ మొదలైందని ప్రతి ఒక్కరినీ అడిగి, చెప్పింది చెప్పినట్టు రాస్తాను. నన్ను చూసి ఎవరైనా ముఖం తిప్పుకుంటే, ఏమీ అనకుండా బయటికి వెళ్ళి మరొకరిని పంపుతాను.